టెక్సాస్ బ్లూ అవుతుందా? మా ఇంట్లో పందెం ఎవరిది?

ప్రశ్న: నమస్తే అండి. మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. నేను పోయినేడాది సిటిజన్ అయ్యాను, ఓటరుగా పేరు కూడా నమోదు చేయించుకున్నాను. మావారికి అంతకుముందే వచ్చింది. మా అమ్మాయి ఆస్టిన్‌లో చదువుతోంది. ఇంటికొచ్చినప్పుడల్లా "ఈసారి టెక్సాస్ బ్లూ అవుతుంది చూడమ్మా" అంటుంది, అంటే డెమొక్రాట్ల చేతికి వస్తుందని. 2026 జనవరి ఆఖర్లో ఫోర్ట్‌వర్త్ వైపు ఒక డెమొక్రాట్ గెలిచాక ఆ మాట ఇంకా ఎక్కువైంది. మావారు నవ్వేస్తారు. "ఇరవై ఏళ్లుగా ఇదే పాట. ఇక్కడ ఏదీ మారదు, నువ్వు ఓటేసినా మానేసినా ఒకటే" అంటారు. తండ్రీకూతుళ్లు పందెం కూడా వేసుకున్నారు. నాకేమో రెండు సందేహాలు. ఈ రాష్ట్రం నిజంగా మారుతోందా? మార్చి 3న ప్రైమరీ, అంటే నవంబర్ పోటీకి పార్టీల అభ్యర్థులను తేల్చే ఎన్నిక అంటున్నారు, అందులో ఏ పార్టీ బ్యాలెట్ అడగాలి? ఒకసారి అడిగితే ఇక ఆ పార్టీ మనిషినని ముద్ర పడిపోతుందా? ఇండియాలో ఇంత టెన్షన్ ఉండేది కాదు, వెళ్లి నొక్కి వచ్చేసేదాన్ని.
(ఫ్రిస్కో నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: పందెం సంగతి ముందు చూద్దాం. మీ అమ్మాయి ఏ అంకెలు చూసి అలా అంటోందో, మీవారు ఏ అంకెలు చూసి నవ్వుతున్నారో ఊహించడం కష్టం కాదు. ఇద్దరివీ నిజమైన అంకెలే.

అమ్మాయి చూస్తున్నది 2012 నుంచి 2020 దాకా. 2012లో రిపబ్లికన్ మిట్ రామ్నీ టెక్సాస్‌లో దాదాపు 16 పాయింట్ల (ఓట్ల శాతంలో) తేడాతో గెలిచారు. 2016లో ట్రంప్ వచ్చేసరికి ఆ తేడా 9కి తగ్గింది. 2020లో 5.6. మధ్యలో 2018 సెనేట్ ఎన్నికలో రిపబ్లికన్ టెడ్ క్రూజ్, డెమొక్రాట్ బీటో ఓరూర్క్ మీద 2.6 పాయింట్లతో గట్టెక్కారు. వీటిని వరుసగా పెట్టి చూసిన ఎవరికైనా ఇంకొక్క ఎన్నిక చాలనిపిస్తుంది. 2020 తర్వాత చాలామంది అలాగే రాశారు కూడా. 2024లో ట్రంప్ ఇక్కడ 13.7 పాయింట్లతో గెలిచారు. మీవారి నవ్వు అక్కడిది. పైగా ఆయన వెనక చరిత్ర కూడా ఉంది. టెక్సాస్ అధ్యక్ష ఎన్నికలో డెమొక్రాట్‌కి ఓటేసింది ఆఖరుసారి 1976లో, జిమ్మీ కార్టర్‌కి. రాష్ట్రమంతా కలిసి ఎన్నుకునే పదవుల్లో డెమొక్రాట్లు చివరగా గెలిచింది 1994లో. ఆ తర్వాత పుట్టిన పిల్లలకి పెళ్లిళ్లయి పిల్లలు పుడుతున్నారు, రికార్డు మాత్రం అలాగే ఉంది.

ఈ లెక్కల దగ్గర మన తెలుగువాళ్లం ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. మనం ఓట్లను చూసిన తీరు వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 175కి 151 సీట్లు గెలిచిన పార్టీకి 2024లో వచ్చినవి 11. అంతకుముందు, పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకే ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయ్యారు. గాలి వీచిందంటే రాష్ట్రమంతా ఒకేసారి అటు తిరగడం మనకు అలవాటు. అమెరికాలో పోయినసారి ఒక పార్టీకి వేసి ఈసారి రెండో పార్టీకి వేసేవాళ్లు తక్కువ. మార్పు ఎక్కువగా వేరే దారుల్లో వస్తుంది: పెద్దవాళ్లు పోతారు, పిల్లలకు పద్దెనిమిది నిండుతాయి, కొందరు ఊరు మారతారు, పోయినసారి ఇంట్లో కూర్చున్నవాళ్లు ఈసారి బూత్‌కి వస్తారు, లేదా వచ్చినవాళ్లు కూర్చుండిపోతారు. అందుకే ఇక్కడ రాష్ట్రం రంగు మారడానికి దశాబ్దాలు పడుతుంది.

టెక్సాస్ ఇప్పటికే ఒకసారి అలా మారింది. అంతర్యుద్ధం తర్వాత పునర్నిర్మాణ కాలం ముగిసిన దగ్గర్నుంచి దాదాపు వందేళ్లు ఇది డెమొక్రాట్ల కోట. 1961లో లిండన్ జాన్సన్ ఉపాధ్యక్షుడై ఖాళీ చేసిన సెనేట్ సీటును జాన్ టవర్ గెలవడం మొదటి పగులు. రిపబ్లికన్ గవర్నర్ రావడానికి మరో పదిహేడేళ్లు పట్టింది, 1978లో బిల్ క్లెమెంట్స్. ఆ తర్వాత కూడా 1990లో డెమొక్రాట్ అయిన ఆన్ రిచర్డ్స్ గవర్నర్‌గా గెలిచారు, 1994లో జార్జ్ డబ్ల్యూ. బుష్ చేతిలో ఓడారు. శాసనసభ దిగువ సభ రిపబ్లికన్ల చేతికి వచ్చింది 2002 ఎన్నికతో. అంటే మొదటి పగులు నుంచి గోడ కూలేదాకా నలభై ఏళ్లు. ఆ నలభై ఏళ్లలో మనుషుల అభిప్రాయాలు మరీ అంత మారలేదు. పాత టెక్సాస్ డెమొక్రాట్లు ఎప్పుడూ సంప్రదాయవాదులే, పార్టీ మారారంతే. పద్నాలుగేళ్లు రిపబ్లికన్ గవర్నర్‌గా చేసిన రిక్ పెర్రీ 1989 దాకా డెమొక్రాటే.

ఇప్పుడు జరుగుతున్నది మాత్రం అంత సూటిగా లేదు. రెండు మార్పులు ఒకేసారి, ఎదురెదురు దిక్కుల్లో నడుస్తున్నాయి. అందులో ఒకటి మీ ఇంటి చుట్టూనే ఉంది.

ఫ్రిస్కోలో ఎక్కువ భాగం కాలిన్ కౌంటీలో, మిగతాది డెంటన్ కౌంటీలో ఉంటుంది. ప్లేనో, మెకిన్నీ, ఆలెన్ కూడా కాలిన్‌వే. 2012లో రామ్నీ కాలిన్‌లో 31 పాయింట్ల తేడాతో గెలిచారు. 2016లో అది 17 దాకా వచ్చింది, 2020లో 5 కంటే తక్కువ. కార్పొరేట్ ఆఫీసులు, కొత్త ఇళ్లు, డిగ్రీలున్న ఉద్యోగస్తులు, బయటి రాష్ట్రాల నుంచీ దేశాల నుంచీ వచ్చిన కుటుంబాలు. హ్యూస్టన్ పక్కన ఫోర్ట్ బెండ్ కౌంటీలో, అంటే మన షుగర్‌ల్యాండ్ ఉన్న చోట, 2016లో హిల్లరీ క్లింటన్ గెలిచారు. 1964 తర్వాత అక్కడ డెమొక్రాట్ గెలవడం అదే మొదటిసారి. ఆస్టిన్ పక్కన రౌండ్‌రాక్ ఉన్న విలియమ్సన్ కౌంటీ 2020లో బైడెన్ వైపు మొగ్గింది. 2024లో ఇవన్నీ వెనక్కి జరిగాయి: విలియమ్సన్ మళ్లీ ట్రంప్‌కి వెళ్లింది, ఫోర్ట్ బెండ్ కమలా హ్యారిస్‌కి చాలా తక్కువ తేడాతో దక్కింది, కాలిన్‌లో ట్రంప్ ఆధిక్యం మళ్లీ రెండంకెలకు చేరింది. ఒకటి గమనించండి. వెనక్కి జరిగాక కూడా కాలిన్ 2012 కాలిన్ కాదు. అప్పటి 31 ఎక్కడ, ఇప్పటి 11 ఎక్కడ.

రెండో మార్పు మీ ఇంటికి ఎనిమిది గంటల డ్రైవ్ దూరంలో, మెక్సికో సరిహద్దున రియో గ్రాండ్ నది ఒడ్డున. స్టార్ కౌంటీ అని ఒకటుంది. జనంలో నూటికి తొంభై మందికి పైగా హిస్పానిక్‌లు, అంటే మెక్సికో లాంటి స్పానిష్ భాషా దేశాల మూలాలున్నవాళ్లు. 2016లో అక్కడ క్లింటన్ 60 పాయింట్ల తేడాతో గెలిచారు. 2020లో బైడెన్ 5 పాయింట్లతో బయటపడ్డారు. 2024లో ట్రంప్ 16 పాయింట్లతో గెలిచారు. అధ్యక్ష ఎన్నికలో ఆ కౌంటీలో అంతకుముందు ఒక రిపబ్లికన్ గెలిచింది 1892లో. చుట్టుపక్కల హిడాల్గో, కామెరాన్, లరేడో ఉన్న వెబ్ కౌంటీలు కూడా 2024లోనే ట్రంప్ వైపు వెళ్లాయి. స్టార్‌లో ఎనిమిదేళ్లలో 76 పాయింట్ల తిరుగుడు. ఇది మన ఆంధ్రా తరహా గాలే.

ఎందుకంటే ఒక్క కారణం చెప్పడం కుదరదు. చమురు, గ్యాస్ బావుల్లో మంచి జీతాలకు పనిచేసేవాళ్లు, సరిహద్దు కాపలా కాసే బోర్డర్ పెట్రోల్‌లో, పోలీసుశాఖల్లో ఉద్యోగాలున్న కుటుంబాలు అక్కడ ఎక్కువ. చర్చి బలం ఎక్కువ. డిగ్రీ లేని శ్రామికులు దేశమంతటా రిపబ్లికన్ల వైపు జరుగుతున్నారు, వీళ్లు కూడా జరిగారు. దానికి తోడు బైడెన్ కాలంలో ధరలు పెరిగాయి. డెమొక్రాట్ల లెక్కలో "హిస్పానిక్ జనాభా పెరిగే కొద్దీ టెక్సాస్ మనదే" అనేది ఎప్పటి నుంచో ఉన్న మూలసూత్రం. 2020 జనగణనలో హిస్పానిక్‌లు, తెల్లవాళ్లు దాదాపు సమానంగా 39 శాతం చొప్పున తేలారు, ఆ తర్వాత హిస్పానిక్‌లే పెద్ద వర్గమయ్యారు. జనాభా లెక్క నిజమైంది, ఓట్ల లెక్కే తప్పింది. 2013లో డెమొక్రాట్ల కోసం "బ్యాటిల్‌గ్రౌండ్ టెక్సాస్" పేరుతో పెద్ద ఎత్తున ఒక సంస్థ కూడా పెట్టారు. మరుసటి ఏడాదే రిపబ్లికన్ గ్రెగ్ ఆబట్ 20 పాయింట్లతో గవర్నర్ అయ్యారు.

ఇంకో నమ్మకం కూడా వదిలేయాలి. "కాలిఫోర్నియా వాళ్లంతా వచ్చిపడుతున్నారు, వాళ్లే దీన్ని బ్లూ చేస్తారు" అని మన పార్టీల్లో బిర్యానీ ప్లేట్లు పట్టుకుని చెప్పేవాళ్లుంటారు. 2018లో ఓట్లేసి బయటికొచ్చినవాళ్లను సీఎన్ఎన్ ఎగ్జిట్ పోల్ అడిగితే, టెక్సాస్‌లో పుట్టి పెరిగినవాళ్లలో స్వల్ప ఆధిక్యం ఓరూర్క్‌ది. బయటినుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లలో క్రూజ్‌ది స్పష్టమైన ఆధిక్యం. అంటే ఆ ఎన్నికలో క్రూజ్‌ని కాపాడింది వలస వచ్చినవాళ్లే. ఆదాయపు పన్ను లేదని, నిబంధనలు తక్కువని టెక్సాస్‌ని ఎంచుకుని వచ్చేవాళ్లలో రిపబ్లికన్లు ఎక్కువుండటంలో వింతేముంది?

మనవాళ్ల సంగతీ చెప్పుకోవాలి. ఫ్రిస్కోలో గుడికెళ్లినా, షాపింగ్‌కెళ్లినా తెలుగే వినిపిస్తుంది కాబట్టి "మనం తలుచుకుంటే" అన్న ధీమా చాలామందికి ఉంటుంది. వినిపించే గొంతుల్లో ఎన్నింటికి ఓటుంది? హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి లేదు, గ్రీన్‌కార్డు వచ్చినా లేదు. భారతదేశంలో పుట్టినవాళ్ల గ్రీన్‌కార్డు క్యూ పొడవు మీకు నేను చెప్పక్కర్లేదు. అది దాటి, ఆ తర్వాత ఐదేళ్లాగి, సిటిజన్ అయితేనే ఓటు. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు పెట్టినప్పుడు అందరికంటే ఎక్కువ ఉలిక్కిపడ్డవాళ్లకే దాని మీద ఓటేసే హక్కు లేదు. ఇక్కడో హెచ్చరిక, మీ గ్రూపులో కూడా పెట్టండి: గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఎవరో ఫారం ఇచ్చారని ఓటరుగా నమోదు చేయించుకోకూడదు. అది నేరం, దేశం నుంచి పంపించేదాకా వెళ్లవచ్చు.

ఇక ఫోర్ట్‌వర్త్. జనవరి 31న రాష్ట్ర సెనేట్ 9వ డిస్ట్రిక్ట్‌కి జరిగిన ప్రత్యేక ఎన్నిక రనాఫ్‌లో (మొదటి రౌండులో ఎవరికీ సగానికి మించి రాకపోతే పెట్టే రెండో రౌండులో) టేలర్ రెమెట్ అనే డెమొక్రాట్ 14 పాయింట్ల తేడాతో గెలిచారు. 2024లో ట్రంప్ 17 పాయింట్లతో గెలిచిన ప్రాంతం అది. రెమెట్ వైమానిక దళంలో పనిచేసిన మెకానిక్, యూనియన్ నాయకుడు. మీ అమ్మాయి ఉత్సాహపడటం న్యాయమే, 31 పాయింట్లు కదలడం చిన్న విషయం కాదు. రిపబ్లికన్లకీ నిద్ర పట్టి ఉండదు. కానీ అది ఒక శనివారం, ఒకే ఒక్క సీటుకి జరిగిన ఎన్నిక. అలాంటి రోజున కోపంగా ఉన్న పార్టీవాళ్లు వస్తారు, తృప్తిగా ఉన్నవాళ్లు రారు. నవంబర్‌లో వచ్చేవాళ్లు చాలా రెట్లు ఎక్కువ, అదే సీటుకి మళ్లీ పోటీ కూడా అప్పుడే. ఇంకో తమాషా: టెక్సాస్ శాసనసభ మామూలుగా బేసి సంవత్సరాల్లోనే, 140 రోజులు కూర్చుంటుంది. ప్రత్యేక సమావేశం పెడితే తప్ప రెమెట్‌కి ఈ పదవీకాలంలో బిల్లు మీద ఓటేసే అవకాశమే రాదు.

2018లో కూడా ఇలాంటి ఉత్సాహమే ఉంది. డెమొక్రాట్లు రాష్ట్ర దిగువ సభలో 12 సీట్లు లాక్కున్నారు. 2020లో ఇంకో 9 వస్తే సభ చేతికొస్తుందని కోట్లు కుమ్మరించారు. మొత్తం మీద ఒక్క సీటు కూడా పెరగలేదు. అధ్యక్షుడిగా ట్రంప్ ఉండి, ఆయన పేరు బ్యాలెట్ మీద లేని సంవత్సరం డెమొక్రాట్లకు కలిసొస్తుంది. 2026 అలాంటిదే. ఈ నవంబర్‌లో వాళ్లకి మంచి రోజు వస్తే నేను ఆశ్చర్యపోను. అది 2028కి కూడా నిలుస్తుందా అంటే, నిలుస్తుందని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు.

మీవారికి కూడా ఒక ప్రశ్న వేయండి. ఏదీ మారదంటున్నారు కదా, మరి 2025 వేసవిలో రిపబ్లికన్ల ఆ హడావుడి దేనికి? పదేళ్లకోసారి జనగణన తర్వాత గీసే కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) నియోజకవర్గాల సరిహద్దులను ట్రంప్ అడిగారని మధ్యలోనే మళ్లీ గీశారు. ఉన్న 38లో 25 సీట్లు రిపబ్లికన్లవే, వాటిని 30 చేయాలని లక్ష్యం. కోరం లేకుండా చేయడానికి డెమొక్రాట్ సభ్యులు ఇల్లినాయ్ లాంటి రాష్ట్రాలకి వెళ్లిపోయారు, రెండు వారాలకి తిరిగొచ్చారు. ఆగస్టు 29న ఆబట్ సంతకం పెట్టారు. కింది కోర్టు ఆపితే డిసెంబర్‌లో సుప్రీంకోర్టు వాడుకోనిచ్చింది. ధీమాగా ఉన్నవాళ్లు ఇంత కష్టపడరు. పైగా ఆ కొత్త సీట్లలో కొన్ని, 2024లో తమ వైపు వచ్చిన హిస్పానిక్ ఓటర్లు అక్కడే ఉంటారన్న నమ్మకం మీద గీసినవి. ఒక్కసారి వచ్చిన ఓటు రెండోసారి కూడా వస్తుందా అన్నది వాళ్లకీ తెలియదు.

కాబట్టి మొదటి ప్రశ్నకి నా జవాబు ఇది: టెక్సాస్ ఇప్పటికీ రిపబ్లికన్ రాష్ట్రమే, పార్టీ మారే దారిలో ఉందని చెప్పలేను. కానీ ఎవరు ఏ పార్టీలో ఉన్నారన్నది మాత్రం లోపల బాగా కలగాపులగమైంది.

రెండో ప్రశ్న మీరు చివర్లో, మొహమాటంగా అడిగారు. నా దృష్టిలో అసలు ప్రశ్న అదే. నవంబర్‌లో ఒకే పార్టీ గెలిచే రాష్ట్రంలో రాజకీయం ఆగిపోదు, ప్రైమరీలోకి వెళ్తుంది. ఒక ఉదాహరణ చెప్తాను. ప్రభుత్వ డబ్బుతో పిల్లల్ని ప్రైవేటు బడికి పంపుకునే వోచర్ల పథకం కావాలని గవర్నర్ 2023లో పట్టుబట్టారు. ఆ నవంబర్‌లో 21 మంది రిపబ్లికన్ సభ్యులు డెమొక్రాట్లతో కలిసి దాన్ని సభలో ఓడించారు. వాళ్లలో ఎక్కువమంది పల్లె ప్రాంతాలవాళ్లు, అక్కడ ఊరి బడి తప్ప వేరే బడి ఉండదు. 2024 ప్రైమరీల్లో గవర్నర్ వాళ్ల మీద పోటీ అభ్యర్థులను నిలబెట్టి, డబ్బు పెట్టి, చాలామందిని ఓడించారు. ఆ ప్రైమరీలకు వచ్చిన ఓటర్లు, రెండు పార్టీలవీ కలిపినా, రాష్ట్రంలో నమోదైన ఓటర్లలో ఐదోవంతు కూడా లేరు. 2025 మేలో వంద కోట్ల డాలర్ల వోచర్ చట్టం వచ్చేసింది. నవంబర్ ఫలితాలు మాత్రమే చూసేవాళ్లకి 2022, 2024 ఒకేలా కనిపిస్తాయి. మీ ఫ్రిస్కో బడుల నిధుల మీద పడే నిర్ణయం మాత్రం మధ్యలో, మార్చిలో జరిగిపోయింది.

నియమాలు తేలికే. టెక్సాస్‌లో ఓటరు నమోదులో పార్టీ అని ఏమీ రాయరు. బూత్‌లో ఫోటో గుర్తింపు చూపించి ఏ పార్టీ బ్యాలెట్ కావాలో చెప్తారు, అంతే. ఏదో ఒకటే ఇస్తారు. ఆ పార్టీలో ఎవరికీ సగానికి మించి రాకపోతే మే 26న రనాఫ్ ఉంటుంది, అందులో మీరు మార్చిలో తీసుకున్న పార్టీదే వేయాలి. మార్చిలో అసలు వేయకపోతే రనాఫ్‌లో ఏదైనా తీసుకోవచ్చు. నవంబర్‌లో మీ ఇష్టం, ఎవరికైనా వేయవచ్చు. ఆ ముద్ర ఏడాది చివరితో పోతుంది. ఎవరికి వేశారన్నది రహస్యం, కానీ ఏ పార్టీ ప్రైమరీలో వేశారన్నది రికార్డు, ఎవరైనా చూడవచ్చు. ఫలితంగా ఆ పార్టీవాళ్ల మెసేజ్‌లు మీ ఫోన్‌కి కుప్పలుగా వస్తాయి.

ఏది అడగాలంటే, నేను పార్టీ పేరు చెప్పను. ఇలా చూడండి. వాషింగ్టన్‌లోని అమెరికా సెనేట్ సీటుకి రిపబ్లికన్ వైపు జాన్ కార్నిన్, కెన్ ప్యాక్స్‌టన్, వెస్లీ హంట్ పోటీలో ఉన్నారు. కార్నిన్ ఇరవై ఏళ్లకు పైగా సెనేటర్. ప్యాక్స్‌టన్ మీ కాలిన్ కౌంటీ మనిషే, అటార్నీ జనరల్. 2023లో సొంత పార్టీ ఆధిక్యమున్న రాష్ట్ర దిగువ సభ ఆయన్ని అభిశంసిస్తే, రాష్ట్ర సెనేట్ నిర్దోషిగా వదిలేసింది. డెమొక్రాట్ల వైపు జేమ్స్ టలరికో, జాస్మిన్ క్రాకెట్. ఈ రెండు పోటీల్లో ఏది ఎటు పోతే మీకు ఎక్కువ తేడా పడుతుందో ఆలోచించండి. తర్వాత మీ అడ్రసుకి వచ్చే నమూనా బ్యాలెట్‌ని కౌంటీ ఎన్నికల ఆఫీసు సైటులో తీసుకుని, కిందికి వెళ్లి రాష్ట్ర సభ, కౌంటీ కమిషనర్, జడ్జీల పేర్లు చూడండి. ఒక పార్టీ వైపు పోటీయే లేకుండా ఒక్క పేరే ఉంటే అక్కడ మీరు నిర్ణయించేదేమీ లేదు. రెండో వైపు నలుగురుంటే, గెలిచినవాళ్లే నవంబర్‌లో కూడా గెలిచే చోటైతే, ఆ బ్యాలెట్‌కే బరువెక్కువ. మనసొప్పని పార్టీ బ్యాలెట్ తీసుకోవడం ఇబ్బందిగా ఉంటే తీసుకోకండి, అది కూడా సబబే. మీవారు ఒకటి, మీరు ఒకటి తీసుకున్నా ఎవరూ అడగరు.

మేలో నగర, స్కూలు బోర్డు ఎన్నికలు కూడా ఉన్నాయి, వాటికి పార్టీ గుర్తులుండవు. వచ్చే జనం మరీ తక్కువ, వందల ఓట్లతో ఫలితాలు తేలిపోతుంటాయి. "వేసినా మానేసినా ఒకటే" అన్న మీవారిని ఆ రోజు కారు తీయమనండి.

అమ్మాయి సంగతి ఒకటి మిగిలింది. తను ఎక్కడ నమోదైందో అడగండి. కాలేజీ పిల్లలు ఇంటి అడ్రసు మీదైనా, కాలేజీ ఊరి అడ్రసు మీదైనా, దేన్ని తమ ఇల్లుగా భావిస్తే దాని మీద నమోదు కావచ్చు, ఒక్కచోటే. సెనేట్, గవర్నర్ ఓట్లకి ఎక్కడున్నా తేడా లేదు. ఆస్టిన్ ఉన్న ట్రావిస్ కౌంటీలో డెమొక్రాట్లు ఎలాగూ పెద్ద తేడాతో గెలుస్తారు. ఫ్రిస్కో అడ్రసు మీద ఉంటే స్థానిక పోటీల్లో తన ఓటుకి పని ఎక్కువ ఉండవచ్చు, కానీ అప్పుడు ఓటు కోసం ఇంటికి రావాలి, లేదా కౌంటీలో లేనని ముందే దరఖాస్తు పెట్టి పోస్టల్ బ్యాలెట్ తెప్పించుకోవాలి. మార్చి 3 ప్రైమరీకి ఆ దరఖాస్తు ఫిబ్రవరి 20లోగా కౌంటీ ఆఫీసుకి చేరాలి, పంపితే సరిపోదు. ఎర్లీ ఓటింగ్ (పోలింగ్ రోజుకి ముందే బూత్‌కి వెళ్లి వేయడం) ఫిబ్రవరి 17 నుంచి 27 దాకా. ఆ మధ్యలో ఒక వారాంతం వస్తుంది, తను ఇంటికొచ్చే పని ఉంటే అప్పుడు రమ్మనండి.